రోషమును, అపార్థమును: ఒక సరిహద్దు కాపురము

చదువవలసిన భాగములు: సంఖ్యాకాండము 5:11–31, యెహోషువ 22:9–34, మత్తయి 1:18–25



ఈ నెల పాఠమునకు సంఖ్యాకాండము అయిదవ అధ్యాయమును తీసికొన్నందుకు కొందరు ఆశ్చర్యపడవచ్చును. కూటములలో ఆ భాగమును చదువువారు అరుదు. భర్త మనస్సులో భార్యనుగూర్చి రోషము పుట్టినప్పుడు ఏమి చేయవలెనో చెప్పు విధి అది. సాక్షి ఎవడును లేడు. కంటితో చూచినవాడు లేడు. పదునాలుగవ వచనము చదివి చూడుడి. ఆమె తప్పు చేసియుండగా భర్తకు రోషము పుట్టవచ్చును. ఆమె ఏ తప్పును చేయకయుండగానే అతనికి రోషము పుట్టవచ్చును. మోషే ధర్మశాస్త్రము ఈ రెండింటిని ప్రక్కప్రక్కనే పెట్టినది. అనగా, రోషము పుట్టినదన్నంత మాత్రమున తప్పు జరిగినదని రుజువు కాదు. ఈ ఒక్క సంగతి మన యిండ్లలో తెలిసియుండిన యెడల ఎన్ని కాపురములు నిలిచియుండెడివో!

ఆ విధి ప్రకారము భర్త ఆమెను యాజకునియొద్దకు తీసికొనిపోవలెను; నూనెయు సాంబ్రాణియు లేని యవలపిండిని అర్పణగా తేవలెను. తరువాత జరుగునది స్త్రీకి మిక్కిలి కష్టమైనదే. భర్తమీద భార్యకు అనుమానము కలిగినప్పుడు అట్టి పరీక్ష ఏదియు అక్కడ చెప్పబడలేదు. స్త్రీల సమాజములో ఒక తల్లి నన్ను ఈ ప్రశ్నే అడిగినది. నేను దానిని దాటవేయను. అది ఆ కాలపు కాఠిన్యమే. అయినను ఒకటి గమనింపుడి: తీర్పు భర్త చేతిలో పెట్టబడలేదు. ఆమెను కొట్టుమనిగాని, పుట్టింటికి వెళ్లగొట్టుమనిగాని, వీధిలో చెప్పుకొనుమనిగాని అక్కడ లేదు. ఆ రోషమును మోసికొని అతడు దేవుని సన్నిధికి రావలెను. అక్కడనే అది తేలవలెను.

ఇట్లు తేలక, మనుష్యుల నోళ్లలో పడి నలిగిన ఒక కాపురపు చరిత్రను ఈ పాఠములో చెప్పదలచితిని. అది అమెరికా దేశములో జరిగినది. ఆ కథలోని పురుషుడు తరువాత ఆ దేశమునకు ఏడవ అధ్యక్షుడైన ఆండ్రూ జాక్సన్; స్త్రీ రేచెల్. మన బైబిలులో రాహేలు అని వ్రాయబడిన పేరే అది.

రేచెల్ 1767లో వర్జీనియాలో పుట్టినది. ఆమెకు పండ్రెండేండ్లున్నప్పుడు తండ్రి జాన్ డోనెల్సన్ కుటుంబమును, మరి అనేక కుటుంబములను పడవలలో ఎక్కించుకొని, 1779 డిసెంబరులో బయలుదేరి, నదుల వెంట సుమారు వెయ్యి మైళ్లు ప్రయాణముచేసి, 1780 ఏప్రిలు నాటికి కంబర్లాండ్ నది యొడ్డుకు చేరెను. నేటి నాష్‌విల్ పట్టణము అక్కడనే ఉన్నది. దారిలో మశూచి సోకినవారి పడవను వెనుకగా రానిచ్చిరి; ఆ పడవ దాడికి చిక్కెను. ఆ చిన్నది అట్టివి చూచి పెరిగినది. ఆ సీమను తెల్లవారు సరిహద్దు అని పిలిచిరి గాని అది ఎవరికిని చెందని భూమి కాదు. చెరోకీలు మొదలైన జనులు తమదని యెంచి వేటాడుకొనుచుండిన నేల అది. కాబట్టియే పోరాటములు జరుగుచుండెను. కాబట్టియే క్రొత్తగా వచ్చినవారు దుంగలతో కట్టిన కోటయిండ్లలో గుంపులుగా ముడుచుకొని బ్రదికిరి.

ఈ సంగతిని కొంచెము నిలిచి ఆలోచింపవలెను. ఏలయనగా రోషము పెరుగుటకు అట్టి చోటే తగిన పొలము. ఇండ్లు తక్కువ, బాటసారులు ఎక్కువ. పరాయి పురుషులు బసకు వచ్చి, ఇంటివారితోనే భోజనముచేసి, వారి కప్పు క్రిందనే పండుకొందురు. ఒంటరిగా ఇల్లు కట్టుకొని ఉండుటకు ప్రాణభయము. భర్త భూముల పనిమీదనో, కోర్టు పనిమీదనో నెలలకొలది దూరమున ఉండును. ఉత్తరములు ఎప్పటికో చేరును. వార్త అనునది మనుష్యుని నోటనే ప్రయాణము చేయును. ఒక్కొక్క మజిలీలో దానికి ఒక్కొక్క రెక్క మొలచును.

రేచెల్ కుటుంబము కొంతకాలము కెంటకీ సీమకు వెళ్లెను. అక్కడ 1785లో ఆమెకు లూయిస్ రాబర్డ్స్ అనువానితో వివాహమాయెను. వారు అతని తల్లి యింటనే కాపురముండిరి. అత్తగారు బసవారిని పెట్టుకొనెడిది. వారిలో పెయిటన్ షార్ట్ అను యౌవనునితో రేచెల్ మాటలాడుట చూచి భర్తకు రోషము పుట్టెను. ఆమె నవ్వు ముఖము గలది, మాటకారి, గుఱ్ఱపు స్వారి తెలిసినది అని ఆమెను ఎరిగినవారు చెప్పిరి. పెండ్లికి ముందు ఏ గుణమును చూచి ముచ్చటపడునో, పెండ్లియైన తరువాత ఆ గుణమునే నేరముగా చూచు భర్తలు మనలోను లేరా? తుదకు రాబర్డ్స్ ఆమె తల్లికి వ్రాసి, కుమార్తెను తీసికొనిపొమ్మనెను. 1788లో అన్న సామ్యేలు వచ్చి ఆమెను పుట్టింటికి తీసికొనిపోయెను. ఇక్కడ ఒక విశేషమున్నది. ఆ యింటనే బసచేసిన జాన్ ఓవర్టన్ అను న్యాయవాది తరువాత వ్రాసినదాని ప్రకారము, అత్తగారు కోడలి పక్షముననే నిలిచెను. కన్నకొడుకు తప్పును తప్పని చెప్పుట ఏ తల్లికిని సులభము కాదు. ఆ అత్తను నేను గౌరవించుచున్నాను.

అప్పటికి తండ్రి డోనెల్సన్ చనిపోయెను. విధవరాలైన తల్లి నాష్‌విల్ దగ్గర బస పెట్టి జీవించుచుండెను. ఆ 1788వ సంవత్సరముననే ఇరువదియొక్క యేండ్ల న్యాయవాది జాక్సన్ ఆ సీమకు వచ్చి, ఓవర్టన్‌తోకూడ ఆ యింటనే బసకు దిగెను. రాబర్డ్స్ మరల సమాధానపడి భార్యయొద్దకు వచ్చెను. కొంతకాలమునకే రోషము తిరిగి లేచెను. ఈసారి అది జాక్సన్‌మీద.

అప్పుడు జాక్సన్ చేసిన పనిని చూడుడి. ఓవర్టన్ చెప్పినదేమనగా, తోట దగ్గర రాబర్డ్స్‌ను కలిసికొని, నీవు నీ భార్యకును నాకును అన్యాయము చేయుచున్నావని జాక్సన్ తానే వాదించెను. అతడు కొట్టెదనని బెదిరించెను. ఇతడు పోరునకు సిద్ధమనెను. సమాధానము చేయబోయిన మాట అగ్నిలో నెయ్యి పోసినట్లాయెను. ఎవనిమీద అనుమానమున్నదో వాడే మధ్యవర్తిగా వచ్చినయెడల ఎట్లు వినబడును? ఉద్దేశము మంచిదైనను ఆ నోరు దానికి తగినది కాదు. జాక్సన్ ఆ బస విడిచి వేరొక చోటికి మారెను గాని, రాబర్డ్స్ ఒంటరిగా కెంటకీకి వెళ్లిపోయెను.

యెహోషువ గ్రంథము ఇరువదిరెండవ అధ్యాయములో దీనికి భిన్నమైన సంగతి యున్నది. అదియు సరిహద్దు కథయే. రూబేనీయులును, గాదీయులును, మనష్షే అర్ధగోత్రపువారును యొర్దాను ఏటి దగ్గర గొప్ప బలిపీఠమును కట్టిరి. అవతలివారు ఆ మాట విని, వీరు దేవుని విడిచిరని తలంచి, షిలోహులో కూడి యుద్ధమునకు సిద్ధపడిరి. అయితే కత్తి తీయకముందు ఒక పని చేసిరి. యాజకుడైన ఎలియాజరు కుమారుడగు ఫీనెహాసును, గోత్రమునకు ఒకని చొప్పున పదిమంది పెద్దలను పంపి, వారిని ముఖాముఖిగా అడిగించిరి. అడుగగా తేలినదేమి? అది బలులకొరకు కట్టినది కాదు. యొర్దాను మధ్య నున్నందున, ముందు తరములలో మీ పిల్లలు మా పిల్లలను పరాయివారిగా చూతురేమోయని భయపడి, మేమును మీవారమే అని సాక్ష్యముగా కట్టితిమని వారు చెప్పిరి. విడిపోవుటకు గుర్తని ఒకరు తలంచినది, విడిపోకుండుటకు ఇంకొకరు చేసిన ప్రయత్నమాయెను! ఈ అధ్యాయము చదివినప్పుడెల్ల నాకు భార్యాభర్తలే జ్ఞాపకమునకు వత్తురు. ఫీనెహాసు మాట మొదట కఠినముగానే ఉన్నది, కాని అతడు జవాబు పూర్తిగా విన్నాడు, విని తృప్తిపడినాడు. తృప్తిపడుట కూడ ఒక పనియే. కొందరు అడుగుదురు గాని ఏ జవాబు వచ్చినను తృప్తిపడరు.

మన కథకు వత్తము. రాబర్డ్స్ తిరిగివచ్చి బలవంతముగా తీసికొనిపోవునని వదంతి పుట్టెను. రేచెల్ భయపడి, అప్పుడు స్పెయిను దేశపు ఏలుబడిలోనున్న నాచెజ్ అను ఊరికి ఒక పెద్ద కుటుంబముతో ప్రయాణమాయెను. జాక్సన్ కావలిగా వారి వెంట వెళ్లెను. ఆ తరువాత ఒక వార్త వచ్చెను: వర్జీనియా శాసనసభ రాబర్డ్స్‌కు విడాకులిచ్చినదట. దానిని నమ్మి, 1791లో నాచెజ్ ప్రాంతములో జాక్సన్, రేచెల్ వివాహము చేసికొనిరని వారి స్నేహితులు సాక్ష్యమిచ్చిరి.

వార్త సగమే నిజము. ఆ కాలమున వర్జీనియాలో విడాకుల సంగతి శాసనసభ ముందుకు వెళ్లవలసినదే. కెంటకీ 1792 వరకు వర్జీనియాలో భాగము. 1790 డిసెంబరులో ఆ సభ రాబర్డ్స్‌కు ఇచ్చినది విడాకులు కాదు. కోర్టులో దావావేసి జూరీ యెదుట రుజువుపరచుకొనుటకు అనుమతి మాత్రమే. అతడు ఆ దావాను సాగించి తీర్పు పొందినది 1793 సెప్టెంబరులో. అప్పటికి రేచెల్ రెండేండ్లుగా మరియొకని భార్యగా కాపురము చేయుచున్నది. ఆ కారణముచేతనే తీర్పు ఆమె వ్యభిచారిణియని వ్రాయబడెను. ఓవర్టన్‌కు ఈ సంగతి తెలిసి, మరల వివాహము చేసికొనుడని చెప్పగా, మేము ఎప్పుడో వివాహితులమని, అందరును ఎరుగుదురని జాక్సన్ మొదట ఒప్పుకొనలేదట. చివరకు 1794 జనవరిలో వారు రెండవసారి వివాహమాడిరి.

వారు నిజముగానే పొరబడిరా, లేక తెలిసియు తొందరపడిరా అని చరిత్రకారులు నేటికిని వాదించుచున్నారు. నాచెజ్ వివాహమునకు కాగితము దొరకలేదు; అక్కడ రోమన్ కతోలిక ఏలుబడి గనుక ప్రొటెస్టెంటు వివాహమునకు చట్టమున చోటు లేదు. నేను ఎవరిని విడిపింపను, ఎవరిమీద రాయి వేయను. ఒకటి మాత్రము చెప్పక తప్పదు. జాక్సన్ న్యాయవాది. పరుల దావాలలో ప్రతి కాగితమును తిరగవేసి చదువువాడు. తన యింటికి తేబోవు స్త్రీ బ్రదుకంతయు ఆధారపడిన కాగితమును తెప్పించి చదువలేదు. మనకు ఇష్టమైన వార్తను మనము పరీక్షింపము. చెడ్డవార్తను తొందరగా నమ్ముట ఎంత దోషమో, మనసునకు నచ్చిన వార్తను విచారింపక నమ్ముటయు అంతే.

ఈ మాట వ్రాయుచుండగా నా తప్పు నాకు జ్ఞాపకము వచ్చినది. కొన్ని సంవత్సరముల క్రిందట మా సంఘములోని ఒక సహోదరుడు కువైట్‌లో పనిచేయుచుండెను. గోదావరి జిల్లాలవారికి ఆ బ్రదుకు తెలియనిది కాదు. మీ యింటిముందు సాయంకాలములందు ఒక మోటారు సైకిలు నిలుచుచున్నదని ఎవరో అతనికి ఫోనులో చెప్పిరి. అతడు భార్యను అడుగలేదు. ఫోనుచేయుట తగ్గించెను, చేసినను రెండు మాటలతో ముగించెను. డబ్బు పంపుట తగ్గించెను. భర్తకు అక్కడ ఇంకెవరో దొరికిరని ఆమె తలంచి, ఆమెయు అడుగలేదు. ఆ మోటారు సైకిలు ఆమె తమ్మునిది. పక్షవాతముతో పడియున్న మామగారికి, అనగా ఆ సహోదరుని తండ్రికే, మందు తెచ్చి ఒళ్లు తుడిచి పోవుచుండెడివాడు. వీధిలో నడచిన గుసగుస నా చెవినిబడెను. నిజము కూడ నాకు తెలియును. అయినను, పిలువని యింటి సంగతి పాదిరికెందుకని ఊరకుంటిని. ఆరు నెలలు గడిచినవి. ఆమె పెట్టె సర్దుకొని పుట్టింటికి వెళ్లినప్పుడు గాని నేను కదలలేదు. ఫీనెహాసుకు ఎవరో కబురుపెట్టిరి. నాకు ఎవరును పెట్టలేదని నన్ను నేను సమర్థించుకొంటిని. కాని తెలిసినవాడు నోరు మూసికొనుటయు ఒక విధమైన అబద్ధ సాక్ష్యమే కదా. ఆ రాత్రి నా ఫోనుతోనే వారిరువురిని మాటలాడించితిని. మొదటి పావుగంట ఇద్దరును ఏడ్చుటతోనే సరిపోయినది. ఆ మరుసటి సంవత్సరము అతడు సెలవుమీద వచ్చి, బావమరిదికి క్రొత్త బట్టలు పెట్టెను.

జాక్సన్ దంపతుల విషయములో అట్టి ముగింపు రాలేదు. వారి మధ్య ప్రేమ తరుగలేదు. పిల్లలు కలుగనందున ఆమె అన్నదమ్ములలో ఒకని బిడ్డను తెచ్చి పెంచుకొనిరి. కాని ఆ పాత సంగతి వారిని వెంటాడెను. 1806లో గుఱ్ఱపు పందెపు తగాదాలో చార్లెస్ డికిన్సన్ అనువానితో జాక్సన్ తుపాకుల పోరు చేసి అతని చంపెను. రేచెల్‌నుగూర్చి డికిన్సన్ ఆడిన మాటయు దానికి కారణమని చెప్పుదురు. ఆ పోరులో తగిలిన గుండు జాక్సన్ గుండె ప్రక్కన చనిపోవువరకు ఉండిపోయెను. ఒక యౌవనుడు చచ్చెను, ఒక ఇల్లాలు విధవరాలాయెను. రేచెల్ గౌరవము దానివలన రవ్వంతయు పెరుగలేదు. భార్య పేరుకొరకు పోరాడుట ప్రేమయని లోకము మెచ్చుకొనును గాని, నేను మెచ్చుకొనలేను.

రేచెల్ నడివయస్సున ప్రెస్బిటేరియను సంఘములో మిక్కిలి భక్తిగల స్త్రీగా ఉండెను. ఆమెకొరకు జాక్సన్ 1823లో తమ తోటయింటి దగ్గర చిన్న దేవాలయము కట్టుటకు తోడ్పడెను. స్థూలకాయము, మాటలో పల్లెటూరి యాస, పొగగొట్టము త్రాగు అలవాటు. మన పల్లెలలో పెద్దమ్మలు అరుగుమీద చుట్ట కాల్చినట్లే. పట్టణపు దొరసానులు నవ్విరి. కాని ఆమెయొద్దకు వచ్చిన బంధువుల పిల్లలు ఆమెను విడిచిపెట్టలేదు. ఇంత చెప్పి ఇంకొకటి దాచుట న్యాయము కాదు: ఆ యింటి సంపదయంతయు బానిసల చెమటతో వచ్చినది, అధ్యక్షుడైన తరువాత 1830లో జాక్సన్ సంతకము చేసిన చట్టమువలన చెరోకీలు మొదలైన జనులు తమ నేలనుండి వెళ్లగొట్టబడిరి. తన యింటికి జరిగిన అన్యాయమును మరువనివాడు పరుల యిండ్లకు చేసిన అన్యాయము అది.

1827లో, జాక్సన్ అధ్యక్ష పదవికి పోటీపడుచుండగా, సిన్సినాటి పట్టణపు పత్రికా సంపాదకుడొకడు ఆ పాత తీర్పును త్రవ్వి తీసి అచ్చువేసెను. ముప్పది యేండ్లకు పైగా గడచిన సంగతి ఊరూర కరపత్రమాయెను. జాక్సన్ స్నేహితులు నాష్‌విల్‌లో కూడి, వృద్ధులయొద్ద సాక్ష్యములు వ్రాయించి ప్రకటించిరి. ఓవర్టన్ కథనము అప్పటిదే. 1828లో జాక్సన్ గెలిచెను. ఆ డిసెంబరు 22వ తేదీన రేచెల్ గుండెజబ్బుతో చనిపోయెను; క్రిస్మసుకు ముందురోజు తమ తోటలోనే ఆమెను పాతిపెట్టిరి. ఆమెను నిందించినవారే ఆమెను చంపిరని జాక్సన్ చివరివరకు నమ్మెను. తరువాత తన మంత్రియొకని భార్యమీద అట్టి నిందలే వచ్చినప్పుడు ఆమె పక్షమున మొండిగా నిలిచెను. ఆ కలతలో 1831లో మంత్రివర్గములో చాలమంది రాజీనామా ఇచ్చిరి. 1788లో ఒక బసయింటి వసారాలో రాజుకొన్న నిప్పు ఎంత దూరము ప్రాకెనో చూడుడి.

ఇప్పుడు మత్తయి మొదటి అధ్యాయము తీయుడి. యోసేపు చేతిలో వదంతి కాదు, కంటికి కనబడు కారణమే ఉండెను. మరియ గర్భవతి, బిడ్డ తనది కాదని అతనికి తెలియును. రాబర్డ్స్‌కు లేని ఆధారము అతనికి ఉన్నది. అయినను ఆమెను నలుగురిలో అవమానపరచుట అతనికి ఇష్టము లేకపోయెను. అతడు ఏమి చేయవలెనో ఆలోచించుకొనుచుండగానే దూత వచ్చెనని లూకా కాదు, మత్తయియే వ్రాసెను. ఆ ఆలోచించుకొనిన రాత్రి నాకు విలువైనది. అతడు ఆ రాత్రియే వీధిలోనికి వచ్చి కేక వేసియుండినయెడల, దూత మాట వినుటకు ఇంటిలో ఎవరుందురు?

గృహకూటములలో ఈ పాఠము చదువువారు భార్యాభర్తలను వేరువేరు వరుసలలో కాక ప్రక్కప్రక్కన కూర్చుండబెట్టుడి. సంఖ్యాకాండపు భాగమును పురుషుడొకడు, యెహోషువ భాగమును స్త్రీయొకతె చదువవలెను. చదివిన తరువాత వీనిని మాటలాడుకొనుడి: రాబర్డ్స్ తల్లి కొడుకు ఎదుట కోడలి పక్షముగా చెప్పినప్పుడు అతడు ఏల వినలేదు? జాక్సన్‌కు బదులు తోట దగ్గరకు ఎవరు వెళ్లవలసియుండెను? మన సంఘములో అట్టివారెవరు? చివరి ప్రశ్నకు జవాబు కూటములో పైకి చెప్పవలదు. ఇంటికి వెళ్లి దీపము ఆర్పకముందు ఒకరితో ఒకరు చెప్పుకొనుడి: నేను నిన్ను అడుగవలెనని అడుగక దాచుకొన్న మాట ఏది?